రెండు ఎడమకాళ్ళు

కర్మాగారం ఎదురు మేడ, మూడో అంతస్తు
సోమవారం

మామయ్యకు నమస్కారాలు.

ఫోన్ చేస్తే మీరు "ఊఁ" అంటారు, "సరే" అంటారు, "ఉండు, అత్తయ్యకిస్తున్నా" అంటారు. అంతటితో మన మాటలు అయిపోతాయి. ఈ సంగతి అలా తేలేది కాదు కనుక రాస్తున్నాను.

మీరు పనిచేసి రిటైరైన ఈ కృత్రిమ కాళ్ళ కర్మాగారంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి చేరినప్పుడు, నాకు ఏం అప్పగిస్తారో తెలియదు. మొన్న తెలిసింది. మీరు రాసిన ప్రోగ్రాం తీసేసి కొత్తది పెట్టాలట. పెట్టాల్సింది నేనట.

కారణం లేకపోలేదు. ఇంకో మూడు ఊళ్ళలో మన కేంద్రాలు తెరుస్తున్నారు. కొలతలు అక్కడ తీస్తారు, కాలు ఇక్కడ తయారవుతుంది. మీ ప్రోగ్రాం ఒకే కప్పు కిందున్న గదుల కోసం రాసింది. అన్ని ఊళ్ళ బరువు మొయ్యలేదు. డైరెక్టరు గారు నన్ను కూర్చోమని కూడా అనకుండా చెప్పేశారు.

"కేంద్రాలు తెరిచేనాటికి మన సొంతది నిలబడిందా, సరే. లేదా, బయట కంపెనీ ప్యాకేజీ కొనేస్తాం. అప్పుడు మీ మామయ్యదీ ఉండదు, నీదీ ఉండదు."

బయటికొస్తే, కాళ్ళ తొడుగులు పోసే మన అచ్చు గది మేస్త్రీ గారు వసారాలో నిలబడి ఉన్నారు. ఆయన చెవి ఎప్పుడూ తలుపుకే ఉంటుందని మీకు తెలుసు.

"అయితే మీ మామ కట్టిన ఇల్లు నువ్వే కూలగొడతావన్నమాట. పోన్లేమ్మా, పరాయివాళ్ళకి ఆ శ్రమ తప్పించావు" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మీరు వద్దంటే ఈ పని ఇంకొకరికి ఇమ్మని అడుగుతాను. నిజంగానే అడుగుతాను. అత్తయ్యను అడిగానని చెప్పండి.

పిచ్చుక


వంతెన దగ్గరి ఇల్లు
గురువారం
ఉత్తరం 1

చి. పిచ్చుకకు,

నీ ఉత్తరం అందింది.

మేస్త్రీ ఇల్లు అన్నాడు. అది ఇల్లు కాదు, షెడ్డు. వాన పడుతుంటే దొరికిన రేకులు దొరికినట్టు వేశాను. మీ అత్తయ్యకు కాలు చేయించడానికి మొదటిసారి అక్కడికి వెళ్ళినప్పుడు, కొలతల చీటీ అచ్చు గదికి చేరేలోపు పోయింది. మళ్ళీ కొలిచారు. అదీ పోయింది. వసారా బెంచీ మీద కూర్చుని కూర్చుని, వేరే పని లేక, చీటీలు పోకుండా ఏం చెయ్యొచ్చా అని ఆలోచించాను. అప్పటికి నేను కలప అడితిలో గుమాస్తాను. కంప్యూటరు పుస్తకాలు తెచ్చుకుని చదివాను. తర్వాత వాళ్ళు నన్ను అక్కడే ఉంచేసుకున్నారు. అంతే.

అది ఎక్కడ ఆగిపోతుందో చెబుతాను, నీకు పనికొస్తుంది. కొలతల గదివాళ్ళు బటన్ నొక్కితే నా ప్రోగ్రాం వెళ్ళి అచ్చు గదిని అడుగుతుంది. అది స్టోరును అడుగుతుంది. స్టోరు బిగింపు గదిని అడుగుతుంది. అందరూ సరేనంటేనే కొలతల గది స్క్రీన్ కదులుతుంది. ఒకసారి బిగింపు గది కంప్యూటరు మొరాయిస్తే, కొలతల గదిలో కొత్తగా వచ్చిన మనిషి పేరు కూడా రాసుకోలేకపోయారు. పేరు రాయడానికీ బోల్టు బిగించడానికీ ఏమిటయ్యా సంబంధం అని ఒక పెద్దాయన అడిగాడు. న్యాయమైన ప్రశ్న.

కాబట్టి తీసెయ్యి. ఇంకొకరికి ఇమ్మని అడగకు.

తీసేముందు మాత్రం ప్రోగ్రాం చివర్లో ఏముందో ఒకసారి చూడు.

ఉత్తరాలకు నంబరు వేస్తున్నాను. రోజూ లెక్క రాసే అలవాటు. నిన్నూ వెయ్యమని కాదు.

మామయ్య

ఇవాళ్టి లెక్క: పెరటి తలుపు బందుకు నూనె. నీకు ఉత్తరం.


కర్మాగారం ఎదురు మేడ
ఆదివారం

మామయ్యా,

చివర్లో ఏముందో చూశాను. కాలు మనిషికి ఇచ్చేశాక కూడా మీ ప్రోగ్రాంలో ఆ ఆర్డరు స్క్రీన్ మీద ఎర్రగానే ఉంటుంది. ఆ మనిషి వసారా ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి, "నొప్పి లేదు" అని తన నోటితో అంటేనే పచ్చగా మారుతుంది. నేను నా దాన్ని "కాలు అందజేశాం" దగ్గరే ముగించేశాను. మార్చాను. ఇప్పుడు నా చివరి ఈవెంట్ పేరు "నడిచారు".

ఈవెంట్ అంటే ఏమిటో చెప్పనివ్వండి. ఇక్కడ ఎవరికి చెప్పబోయినా గడియారం చూసుకుంటున్నారు. మీరు ఉత్తరంలో దొరికారు, పారిపోలేరు.

మీ దాంట్లో ఒక గది ఇంకో గదికి పని చెబుతుంది, జవాబు కోసం నిలబడుతుంది. నా దాంట్లో ప్రతి గదికీ సర్వీసు అనే ఒక చిన్న ప్రోగ్రాం ఉంటుంది. ఎవరూ ఎవరికీ పని చెప్పరు. జరిగిపోయిన సంగతిని చాటుతారు, అదే ఈవెంట్. "ఫలానా నంబరు కొలతలు పూర్తయ్యాయి" అని కొలతల సర్వీసు ఒక కబురు వేసి, తన పనిలో తాను పడిపోతుంది. కబురు మధ్యలో ఒక వరుసలో నిలబడి ఉంటుంది. అచ్చు సర్వీసు వీలు చూసుకుని తీసుకుంటుంది. స్టోరు కూడా తీసుకుంటుంది. బిగింపు గది కంప్యూటరు పడుకుని ఉందనుకోండి, లేచాక చూసుకుంటుంది. అప్పటిదాకా ఎవరూ ఆగక్కర్లేదు. ఏ గది పద్దు ఆ గదిదే. ఒకరి పద్దులో ఇంకొకరు చెయ్యి పెట్టరు.

మేస్త్రీ గారు అంతా విని, "చాటింపేసి వెళ్ళిపోతే, విన్నాడో లేదో ఎవడు చూస్తాడు?" అన్నారు.

"విన్నవాళ్ళు అందిందని చెప్పేదాకా ఆ కబురు వరుసలోంచి పోదండీ. మళ్ళీ పంపుతూనే ఉంటుంది."

"ఓహో, మా ఆవిడ లాంటిది. పలికేదాకా పిలుస్తుంది."

నేను గొప్ప చెప్పుకోదలచిన సంగతి ఇంకా చెప్పనేలేదు. నడక నేర్పే గదివాళ్ళు, కాలు ఎప్పుడొస్తుందో ముందే తెలిస్తే బాగుండునన్నారు. ఒక్క పూటలో వాళ్ళకో చిన్న సర్వీసు రాసి, "అచ్చు పూర్తయింది" అన్న కబురు వినేలా కూర్చోబెట్టాను. అచ్చు సర్వీసులో ఒక్క అక్షరం మార్చలేదు. తన మాట ఇంకొకరు కూడా వింటున్నారని దానికి తెలియను కూడా తెలియదు. రేపు మూడు ఊళ్ళ కేంద్రాలూ ఇలాగే వచ్చి కూర్చుంటాయి.

ఈ వారం అసలు ఆర్డర్ల మీద పెట్టి చూశాం. అంతా బాగుంది.

పిచ్చుక


వంతెన దగ్గరి ఇల్లు
శనివారం
ఉత్తరం 2

చి. పిచ్చుకకు,

నీ ఉత్తరం అందింది. "నడిచారు" అన్న పేరు బాగుంది.

"అంతా బాగుంది" అని కూడా రాశావు. మేస్త్రీ ఫోన్ చేశాడు. ఆపకుండా నవ్వుతూ చెప్పడం వల్ల నాకు సగమే అర్థమైంది. బట్టలు కుట్టే ఒకావిడకు రెండు కాళ్ళు తయారయ్యాయట. రెండూ ఎడమవేనట. రాయాలనుకుంటే రాయి.

నాకు తోచిన ఉపాయం: అచ్చు గది పని మొదలుపెట్టే ముందు కొలతల గదిని ఒకసారి అడిగి రూఢి చేసుకోవాలి.

ఒక చిన్న పని. మేస్త్రీ దగ్గర నా కొలత టేపు ఉండాలి, మెత్తటి తెల్లది. తీసుకుని పంపు. కర్టెన్లు కుట్టించాలి.

అత్తయ్య బాగానే ఉంది. పెరట్లోకి వెళ్ళడం తగ్గించింది.

మామయ్య

ఇవాళ్టి లెక్క: టపా కచేరీ దాకా ఒక్కణ్ణే నడిచాను.


కర్మాగారం ఎదురు మేడ
బుధవారం

మామయ్యా,

టేపు ఇవాళే టపాలో వేశాను. అది అడగబోతే మేస్త్రీ గారు, "ఇంకో టేపు దేనికమ్మా, మూడో కాలు కొలవడానికా?" అన్నారు. కర్మాగారమంతా నాకు "ఎడమకాలమ్మ" అని పేరు పెట్టింది. పిచ్చుక పేరు ఇంట్లోనే మిగిలింది.

జరిగింది ఇది. "కొలతలు పూర్తయ్యాయి" అన్న కబురు అచ్చు సర్వీసుకు అందింది. అది పనిచీటీ రాసింది. "నాకు అందింది" అని తిరిగి చెప్పబోయే క్షణంలో నెట్‌వర్క్ తెగింది. వరుసకు ఆ మాట చేరలేదు. కబురు పోయిందనుకుని అది మళ్ళీ పంపింది. అచ్చు సర్వీసు, పాపం, కొత్త కబురనుకుని రెండో పనిచీటీ రాసింది. రెండు చీటీలు ఇద్దరు వేర్వేరు పనివాళ్ళ చేతికి వెళ్ళాయి. ఇద్దరూ చక్కగా చేశారు. అంత చక్కటి కాళ్ళు ఈమధ్య రాలేదని మేస్త్రీ గారే అన్నారు.

ఆవిడ వచ్చి రెండు కాళ్ళనూ పక్కపక్కన చూసి, "ఒకటి ఇంట్లో పెట్టుకుంటా, ఒకటి దుకాణంలో. కుడికాలు బాగానే ఉంది కదా అని దాన్నెందుకమ్మా వదిలేశారు, పనిలోపని అదీ ఒకటి చేసెయ్యండి" అన్నారు. నేను నవ్వుతూనే బయటికొచ్చి మెట్ల కింద నిలబడి ఏడ్చాను. డైరెక్టరు గారు నవ్వలేదు, తిట్టలేదు. "కేంద్రాలు వచ్చే నెలలో తెరుస్తున్నాం" అన్నారంతే. ఆ బయట కంపెనీ మనుషులు మర్నాడు ఆయన గదిలో కనిపించారు.

ఇక మీ ఉపాయం. మామయ్యా, కోప్పడకండి, నేను దాన్ని పెట్టను. అచ్చు గది మళ్ళీ కొలతల గదిని అడగడం మొదలుపెడితే, అడిగి జవాబు కోసం నిలబడాలి. కొలతల గది కంప్యూటరు పడుకుంటే అచ్చు గదీ పడుకుంటుంది. ఆ తాడు విప్పడానికే కదా నేను ఇక్కడున్నది. మళ్ళీ ముడి వెయ్యను. వేరే దారి ఉండాలి. అదేమిటో ఇంకా చేతికి రాలేదు.

ముందే రాయనందుకు ఏమీ అనకండి.

పిచ్చుక


వంతెన దగ్గరి ఇల్లు
శుక్రవారం
ఉత్తరం 2, మళ్ళీ

చి. పిచ్చుకకు,

నీ జవాబు రాలేదు. ఉత్తరం దారిలో పోయిందేమోనని అదే మళ్ళీ రాస్తున్నాను.

అచ్చు గది పని మొదలుపెట్టే ముందు కొలతల గదిని అడిగి రూఢి చేసుకోవాలి. మేస్త్రీ దగ్గర నా కొలత టేపు, మెత్తటి తెల్లది, తీసుకుని పంపు. కర్టెన్లకు. అత్తయ్య బాగానే ఉంది.

మామయ్య


కర్మాగారం ఎదురు మేడ
మంగళవారం

మామయ్యా!

మీ రెండో ఉత్తరం మళ్ళీ వచ్చింది. నా జవాబూ టేపూ అప్పటికే బయల్దేరాయి. దారిలో ఒకదానికొకటి ఎదురుపడి ఉంటాయి.

కవరు విప్పగానే పైన "2" కనిపించింది. ఇది అయిపోయిన పనే కదా అని మడిచి సొరుగులో వేశాను. మళ్ళీ మేస్త్రీ గారి దగ్గరికి పోయి ఇంకో టేపు అడగలేదు. భోజనానికి కూర్చున్నాక తట్టింది, నేను ఇప్పుడు చేసిన పని ఏమిటా అని. కూర్చున్నదాన్ని లేచి, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా రోడ్డు దాటి పరిగెత్తాను.

పోస్టుమ్యాన్ ఒకే ఉత్తరం రెండుసార్లు తేకుండా నేను ఆపలేను. తెస్తాడు. కబురు రెండుసార్లు రాకుండా చెయ్యాలని నేను ఇన్నాళ్ళూ వరుస మీద కుస్తీ పట్టాను. పట్టాల్సింది అందుకునేవాళ్ళ దగ్గర. ప్రతి కబురుకూ పుట్టినప్పుడే ఒక నంబరు ఉంటుంది. మళ్ళీ పంపినా అదే నంబరు. అందుకున్న సర్వీసు, తాను చేసేసిన నంబర్లు తన పద్దులో రాసుకుంటుంది. కొత్త నంబరైతే పని చేస్తుంది. పాతదైతే "అందింది" అని మర్యాదగా చెప్పి, మడిచి సొరుగులో వేస్తుంది. ఎవరినీ అడగక్కర్లేదు, ఎవరి కోసమూ ఆగక్కర్లేదు.

ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. చదువుకున్నదే, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే. చదివింది నా చేతికి రావడానికి మీ ఉత్తరం రావలసి వచ్చింది.

సాయంత్రం పరీక్షించాం. పని మధ్యలో వైరు పీకాలి. నేను చెయ్యి పెట్టబోతే మేస్త్రీ గారు పక్కకు నెట్టి, "నువ్వు జాలిపడి మెల్లిగా లాగుతావు. నేను లాగుతా జరుగు" అని, పాత పగ తీర్చుకుంటున్నట్టు లాగారు. పెట్టారు, లాగారు, పెట్టారు. కబురు వచ్చినకొద్దీ వచ్చింది. పనిచీటీ ఒక్కటే.

"ఒక్కటేనా?" అన్నారు.

"ఒక్కటే."

"అయితే ఎడమకాలమ్మ పేరు తీసెయ్యాలా?"

"మీ ఇష్టం."

"ఉంచుదాం. అలవాటైంది."

పిచ్చుక


వంతెన దగ్గరి ఇల్లు
సోమవారం
ఉత్తరం 3

చి. పిచ్చుకకు,

నీ ఉత్తరాలు రెండూ అందాయి. టేపు అందింది.

నా ఉపాయం తప్పు. నువ్వు కాదన్నది సరి. ఆ పేరా రెండుసార్లు చదివాను.

ఒక ప్రశ్న. అచ్చు సర్వీసు పనిచీటీ రాసింది. నంబరు రాసుకోబోతుండగా కరెంటు పోయింది. లేచాక ఆ కబురు మళ్ళీ వస్తుంది. అప్పుడేమిటి?

అత్తయ్య బాగానే ఉంది.

మామయ్య

ఇవాళ్టి లెక్క: టేపుతో కొలిచాను.


కర్మాగారం ఎదురు మేడ
ఆదివారం

మామయ్యా,

జవాబు ఆలస్యమైంది. ఇక్కడ జరిగినవన్నీ అయ్యాక ఒకేసారి రాద్దామనుకున్నాను. అనుకోనివి కూడా జరిగాయి.

ముందు మీ ప్రశ్న. పనిచీటీ, నంబరు, రెండూ ఒకే సంతకం కింద రాస్తాం. రెండూ పద్దులో ఉంటాయి, లేదా రెండూ ఉండవు. ఒకటి ఉండి ఒకటి లేకపోవడం ఉండదు. మీరు అడిగేదాకా నేను విడివిడిగానే రాశాను. ఉత్తరం చదివిన పూటే కలిపేశాను. మేస్త్రీ గారితో ఈసారి మెయిన్ స్విచ్చే ఆపించాను.

మీ ఊళ్ళో కేంద్రం మొదట తెరిచారు, మీకు తెలిసిందే. అక్కడి మొదటి ఆర్డరు బాగా నడిస్తే మన సొంతదే ఉంటుందనీ, లేకపోతే ఆ కంపెనీ కాగితాల మీద సంతకం చేసేస్తాననీ డైరెక్టరు గారు చెప్పారు. నా స్క్రీన్ మీద మనుషుల పేర్లు కనిపించవు, ఆర్డరు నంబర్లే. అది మా నియమం. మొదటి ఆర్డరు కబురు వచ్చింది. అక్కడి నెట్‌వర్క్ సంగతి మీకు చెప్పేదేముంది, అదే కబురు మూడుసార్లు వచ్చింది. మేస్త్రీ గారు అచ్చు గదిలోంచి తల బయటపెట్టి, "ఒకటే చీటీ అమ్మా. ఒకటే కాలు. కావాలంటే వచ్చి లెక్కపెట్టుకో" అని అరిచారు. ఆ తొడుగు ఆయన ఎవరి చేతికీ ఇవ్వలేదు, తనే చేశారు. ఎందుకో నాకు అర్థం కాలేదు.

అచ్చు పూర్తయింది. బిగింపు పూర్తయింది. కాలు బయల్దేరింది. అందింది. తర్వాత కొన్నాళ్ళు ఏమీ లేదు. ఆ ఆర్డరు ఎర్రగానే ఉంది. కంపెనీవాళ్ళు ఫోన్ చేస్తూనే ఉన్నారు. డైరెక్టరు గారు, "అందింది కదా, అయిపోయినట్టేగా?" అన్నారు. "అవలేదండీ, ఇంకా నడవలేదు" అన్నాను. ఆయన నన్ను అదోలా చూసి, "మీ మామయ్యా ఇలాగే అనేవాడు" అన్నారు.

నిన్న పొద్దున వచ్చింది. "నడిచారు." అందరూ నా స్క్రీన్ చుట్టూ నిలబడి ఉన్నారు. నేను కుర్చీలోంచి లేచేలోపు మేస్త్రీ గారు కళ్ళు తుడుచుకుంటున్నారు. ఆయన కళ్ళు తుడుచుకోవడమేమిటని అడిగితే, "నడిచింది ఎవరనుకున్నావే పిచ్చిమొహమా! మీ అత్తయ్య!" అన్నారు.

తర్వాత డైరెక్టరు గారు మిగతాది చెప్పారు. రెండు ఎడమకాళ్ళ గొడవప్పుడు ఆయన మీకు ఫోన్ చేశారట. వచ్చి పాతదాన్నే మూడు ఊళ్ళకూ సర్దిపెట్టమని అడిగారట. మీరన్నది ఆయన నాకు అప్పజెప్పినట్టు చెప్పారు: "నేను రాను. ఆ పనికి మనిషి అక్కడే ఉంది. మా ఆవిడ పాత కాలు వదులైపోయింది, కొత్తది కావాలి. మా ఊరి కేంద్రంలో మొదటి ఆర్డరు మాది రాసుకోండి. మా అమ్మాయి కట్టిన పద్ధతిలోనే రావాలి." మీరు ఫోన్లో అన్ని మాటలు మాట్లాడటం ఆయన ఎన్నడూ వినలేదట. నేనూ వినలేదు.

అప్పటికి నా దాంట్లో రెండు ఎడమకాళ్ళు తయారై ఉన్నాయి మామయ్యా. నాకే నా మీద నమ్మకం లేదు. అత్తయ్య కాలు పెట్టి పందెం కాశారు మీరు!

కంపెనీవాళ్ళను పంపించేశారు. మన సొంతదే ఉంటుంది. మిగతా రెండు కేంద్రాలకూ ఇదే.

కర్టెన్లు బాగా కుదిరాయా?

పిచ్చుక


వంతెన దగ్గరి ఇల్లు
గురువారం
ఉత్తరం 4

చి. పిచ్చుకకు,

నీ ఉత్తరం అందింది.

కర్టెన్లు లేవు, టేపు అత్తయ్య కాలికి. మోకాలి కింద చుట్టుకొలత వారం వారం చూడాలి. అది మారడం ఆగితేగాని కొత్త తొడుగు కుదరదు. నీకు రాస్తే ఆ ఒక్క ఆర్డరును ప్రత్యేకంగా చూసేదానివి. ప్రత్యేకంగా చూడకపోయినా సరిగ్గా రావాలి కదా పద్ధతి అంటే. అందుకని రాయలేదు. మేస్త్రీని కూడా చెప్పొద్దన్నాను. అతను అంతకాలం నోరు మూసుకున్నాడంటే ఆశ్చర్యంగా ఉంది.

పందెం కాదు. నా ఉపాయం కాదని నువ్వు రాసిన ఉత్తరం వచ్చినరోజే ఆ ఫోన్ వచ్చింది. ఎందుకు వద్దో అంత బాగా తెలిసినదానికి ఏం కావాలో దొరుకుతుందనుకున్నాను. మీ అత్తయ్యకు ఆ పేరా చదివి వినిపించాను. "దాని చేతే చేయించండి" అన్న మాట ఆవిడదే.

పాత ప్రోగ్రాం ఆపే రోజున బటన్ నువ్వే నొక్కు. వేరేవాళ్ళకు ఇవ్వకు.

మీ అత్తయ్య ఇవాళ వంతెన అవతలి దాకా నడిచింది. తిరిగి నడిచి వచ్చింది. నొప్పి లేదంది. ఈ కబురు నీకు ముందే చేరింది కనుక, మడిచి సొరుగులో వెయ్యి.

నేను మాత్రం పొద్దున్నుంచి ఎదురైనవాళ్ళందరికీ చెబుతున్నాను, ఇది మా మేనకోడలి పనితనమని. చెప్పినవాళ్ళకే మళ్ళీ చెబుతున్నానని మీ అత్తయ్య అంటోంది.

మామయ్య